థర్మోస్టాట్‌లో 27, ట్యాంకు అడుగు గాజు మీద 44: బాల్ పైథాన్ హీటింగ్‌లో తేడా ఎక్కడ?

నాచారం_నవ్:
మా పెంపుడు పాము బాల్ పైథాన్ (చిన్న కొండచిలువ జాతి), ఏడాదిన్నర వయసు. గాజు ట్యాంకు 3 అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు, పైన జాలీ మూత. కుడి వైపు అడుగున బయటి నుంచి అంటించిన 20 వాట్ల హీట్ మ్యాట్. లోపల కొబ్బరి పొట్టు రెండంగుళాలు. థర్మోస్టాట్ కంట్రోలర్ ఎస్‌టీసీ-1000, 32 డిగ్రీలకి సెట్ చేసి ఉంది. దాని ప్రోబ్ (వేడి కొలిచే కొన) మూతలోంచి దించాను, నడి ఎత్తులో వేలాడుతోంది. డిస్‌ప్లే ఎప్పుడు చూసినా 26, 27 దాటదు. హీటింగ్ లైటు ఆరడమే లేదు. దూరం నుంచి వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో పొట్టు పైన కొడితే 29. పొట్టు పక్కకు తోసి గాజు మీద కొడితే 44. పాము పొట్టులోకి దూరి సరిగ్గా ఆ మూలనే పడుకుంటోంది. మ్యాట్ చాలడం లేదా, 40 వాట్లది కొనాలా? లేక కంట్రోలరే పాడైందా?

సోల్డరింగ్_శీను:
అన్నా, ముందుగాల ప్లగ్గు పీకెయ్, తర్వాత మాట్లాడుకుందాం. 44 డిగ్రీల గాజు మీద పండుకుంటే పొట్ట కాలుతది.

కంట్రోలర్ మంచిగనే ఉంది. ప్రోబ్ ఏడ ఉంటే ఆడ 32 తేవాలని చూస్తది, అంతే దానికి తెలిసింది. నీ ప్రోబ్ గాలిల ఉంది. అడుగున 20 వాట్లు, దాని మీద రెండంగుళాల పొట్టు, మీదికెళ్లి జాలీ మూత. ఆ గాలి 32 ఎప్పటికీ ఎక్కదు. ఎక్కదు కాబట్టి కంట్రోలర్ లోపలి స్విచ్చి, అదే రిలే, ఎప్పటికీ ఆఫ్ కాదు. థర్మోస్టాట్ లేకుండ మ్యాట్‌ని డైరెక్టుగ స్విచ్ బోర్డుకు పెట్టినా గిదే 44 వస్తుండె. 40 వాట్లది కొంటే గాలి ఇంకో డిగ్రీ, డిగ్రీన్నర పెరుగుతదేమో. గాజు సంగతి చెప్పనక్కర్లేదు.

కుబుసం:
శీను చెప్పిందే అసలు కారణం. దానికి పొట్టు తోడైంది. రెండంగుళాల కొబ్బరి పొట్టంటే మ్యాట్ మీద రజాయి కప్పినట్టే. వేడి పైకి రాదు, గాజు దగ్గరే పేరుకుంటుంది. మీరు పైన చూసిన 29కి, కింద ఉన్న 44కి మధ్య 15 డిగ్రీల తేడా అందుకే. బాల్ పైథాన్ బొరియల్లో దాక్కునే జాతి, పైన చల్లగా ఉందనిపిస్తే పొట్టు కిందికే పోతుంది.

మీకు కావలసిన అంకెలు ఇవి. వెచ్చటి వైపు పాము ఒళ్లు తగిలే చోట 31 నుంచి 33. చల్లటి వైపు 24 నుంచి 27. రాత్రి కూడా ఏ మూలా 24 కిందికి దిగకపోతే మంచిది. మీరు కొలవాల్సింది పొట్టు పైభాగం కాదు, పాము చేరగలిగిన అతి వేడి చోటు. పొట్టులోకి దూరే పాముకి ఆ చోటు ఎప్పుడూ అడుగు గాజే. అక్కడ 34 దాటనివ్వకండి.

మ్యాట్ ఉన్న మేర పొట్టు ఒక సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర. మిగతా రెండు వంతుల్లో ఎంత లోతు వేసుకున్నా ఇబ్బంది లేదు. పొట్టు అటూ ఇటూ పడకుండా మ్యాట్ హద్దు దగ్గర అడ్డంగా ఒక చెక్క పట్టీ పెట్టండి. లేదంటే మ్యాట్ ఉన్నంత మేర ఫ్లోర్ టైల్ ముక్క కోయించి గాజు మీదే పరవండి, గరుకు వైపు పైకి. దాని మీద దాక్కునే డబ్బా పెట్టేస్తే తవ్వే పనే ఉండదు.

ఇంకో ప్రశ్న. ట్యాంకు దేని మీద ఉంది? గాజు అడుగుకీ బల్లకీ మధ్య సందు ఉందా?

నాచారం_నవ్:
ప్లగ్గు తీసేశాను, పాముని ప్లాస్టిక్ టబ్‌లోకి మార్చాను. ట్యాంకు సన్‌మైకా బల్ల మీద ఉంది అక్కా, సందేం లేదు. ప్రోబ్ లోపల గాజుకి సెల్లోటేప్‌తో అంటించేయనా?

పశువైద్యం_రాజేంద్రనగర్:
టేపు లోపల వద్దండి. ఏ టేపూ వద్దు. తేమకి అంచు లేస్తుంది, పాము ఒరుసుకుంటూ పోతుంది, జిగురు పొలుసులకి పట్టేస్తుంది. పీకితే చర్మమే లేచి వస్తుంది. ఎప్పుడైనా అలా అంటుకుంటే లాగకుండా వంటనూనె రాసి, జిగురు మెత్తబడేదాకా ఆగి, తల వైపు నుంచి తోక వైపుకి మెల్లగా ఒలవాలి.

ఇప్పుడు టబ్‌లో ఉంది కాబట్టి పొట్ట వైపు ఒకసారి చూడండి. మామూలుగా తెల్లగా ఉండే పొట్ట పొలుసులు ఎర్రబారినా, గోధుమ రంగుకి తిరిగినా, అంచులు ముడుచుకున్నా, నీటి పొక్కులు కనిపించినా అది కాలిన గాయమే. కాలిన గుర్తు కొన్నిసార్లు వెంటనే తేలదు, కొన్ని రోజులకి బయటపడుతుంది, ఈలోగా రోజూ చూస్తూ ఉండండి. పాములు వేడి గాజు మీద నుంచి వాటంతటవే లేచిపోతాయనుకోకండి, చాలాసార్లు కాలుతున్నా అక్కడే ఉండిపోతాయి. గాయం ఉంటే పొట్టు తీసేసి తెల్ల టిష్యూ కాగితం పరచండి, రోజూ మార్చండి, పాముల్ని చూసే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. పసుపు, టూత్‌పేస్టు, ఐసు ఏవీ వద్దు. మనుషులకి వాడే ఆయింట్‌మెంట్లు కూడా సొంతంగా రాయొద్దు, నొప్పి తగ్గించే మందు కలిసినవి కొన్ని పాములకి పడవు.

కుబుసం:
ప్రోబ్ లోపల అవసరమే లేదు. బయట, మ్యాట్‌కీ గాజుకీ మధ్య, మ్యాట్ నడిమికి వచ్చేట్టు పెట్టండి. పాము కదల్చలేదు, మూత్రం పడదు, నీళ్ల గిన్నె ఒలికినా తడవదు. లోపల పెడితే ఈ మూడూ జరుగుతాయి. తడిసిన ప్రోబ్ ఆరేటప్పుడు అసలు కన్నా తక్కువ చూపిస్తుంది, కంట్రోలర్ చలి అనుకుని మ్యాట్‌ని ఆన్‌లో ఉంచేస్తుంది. ప్రోబ్ చల్లటి వైపుకి జారితే చెప్పనే అక్కర్లేదు, మీకిప్పుడు జరుగుతున్నదే జరుగుతుంది.

మీ మ్యాట్ ఇప్పటికే అంటించేశారు కాబట్టి దాన్ని ఊడబీకొద్దు. లోపలి సన్నటి గీతలు తెగినా, మడత పడినా అక్కడొక్కచోటే వేడెక్కి నల్లబడుతుంది. ప్రోబ్ కొనని మ్యాట్ అడుగు వైపు, నడి మధ్యలో, పాలిమైడ్ టేపుతో అంటించండి. బ్రౌన్ కలర్‌లో ఉంటుంది, వేడికి జిగురు వదలదు.

సందు లేకపోవడం కూడా 44కి ఒక కారణం. మ్యాట్ అడుగు వేడి బల్లలోకి పోలేక అక్కడే ఆగుతుంది. ట్యాంకు నాలుగు మూలలా రబ్బరు కాళ్లు పెట్టి 5, 6 మిల్లీమీటర్లు లేపండి. మూడడుగుల గాజు కాబట్టి పొడుగు వైపుల మధ్యలో కూడా ఒక్కోటి పెట్టాలి, లేకపోతే బరువుకి అడుగు పగులుతుంది. మ్యాట్ వైరు కూడా ఆ సందులోంచి నలగకుండా బయటికి రావాలి.

నాచారం_నవ్:
బయట పెడితే ప్రోబ్ చూపించే అంకె, లోపలి గాజు వేడి ఒకటే ఉండవు కదా. ఎంతకి సెట్ చేయాలి?

కుబుసం:
ఉండవు. మామూలుగా 2 నుంచి 4 డిగ్రీల తేడా ఉంటుంది, గాజు మందాన్ని బట్టి, టైల్‌ని బట్టి. అందుకే ఇంకొకరి సెట్టింగ్ తెచ్చి మీ ట్యాంకుకి పెట్టకూడదు.

ముందు ప్రోబ్‌ని సరిచూడండి. అర బకెట్ గోరువెచ్చని నీళ్లు తీసుకోండి. గ్లాసెడు నీళ్లయితే ఇట్టే చల్లారిపోయి కొలతకి అందవు. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్, ప్రోబ్, రెండింటి కొనలూ దగ్గరగా పట్టుకుని నీళ్లు కలుపుతూ ఉండండి. జ్వరం థర్మామీటర్ 37.0 అంటుంటే కంట్రోలర్ 38.1 అంటోందనుకోండి, కంట్రోలర్ మెనూలో ప్రోబ్ తేడాని సరిచేసే ఎఫ్4లో మైనస్ 1.1 పెట్టండి. ఐసు నీళ్లలో సున్నా చూసి సరిపెట్టుకునేవాళ్లున్నారు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న ప్రోబ్ 35 దగ్గర కూడా సరిగ్గా ఉండాలని లేదు, మనకి కావలసింది 35 దగ్గరే.

తర్వాత ఎఫ్1లో, అంటే కావలసిన వేడి దగ్గర, 30 పెట్టి నాలుగు గంటలు వదిలేయండి. పొట్టు, టైల్ అన్నీ ఉండాల్సినట్టే ఉండాలి. మూత తీసి, గన్‌ని ఎత్తు నుంచి కాకుండా జానెడు దూరం నుంచి కొట్టండి. దూరం పెరిగే కొద్దీ అది చూసే వృత్తం పెద్దదై చుట్టుపక్కల చల్లటి చోట్లు కూడా కలిపి సగటు చెబుతుంది. గాజు బయటి నుంచి కొడితే గాజు వేడే వస్తుంది, లోపలిది రాదు. తళతళలాడే స్టీలు, రేకు మీద ఆ గన్ మాట నమ్మొద్దు. అలా ఒక్కో డిగ్రీ పెంచుతూ, పెంచిన ప్రతిసారీ కొన్ని గంటలు ఆగుతూ, లోపల 32 వచ్చినచోట ఆపండి.

ఎఫ్2 అంటే ఎన్ని డిగ్రీలు దిగాక మళ్లీ ఆన్ అవ్వాలో చెప్పేది, మ్యాట్‌కి 0.5 చాలు. ఎస్ బటన్ మూడు సెకన్లు పట్టుకుంటే మెనూ వస్తుంది, మార్చాక పవర్ బటన్ నొక్కితేనే సేవ్ అవుతుంది. నొక్కకుండా వదిలేస్తే పాత అంకెకే పోతుంది.

లైన్‌మన్_మామ:
వేడి గురించి అక్క చెప్పింది, వైరింగ్ గురించి నేను అడుగుతాను. అబ్బాయ్, ఆ మ్యాట్ వెనక స్టిక్కర్ మీద ఎన్ని వోల్టులని ఉంది? అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే మ్యాట్లు 110, 120 వోల్టులవి ఉంటాయి. ప్లగ్గు అడాప్టర్ పెట్టి మన 230లో గుచ్చేస్తారు. వోల్టేజీ రెట్టింపయితే వాట్లు నాలుగు రెట్లవుతాయి. 120 వోల్టుల దగ్గర 16 వాట్ల మ్యాట్ 240 దగ్గర 64 వాట్లు లాగుతుంది. ప్లగ్గు పట్టింది కదాని వోల్టేజీ సరిపోయినట్టు కాదు.

రెండోది, ఎస్‌టీసీ-1000 వైర్లు ఎలా కలిపావో చెప్పు.

నాచారం_నవ్:
స్టిక్కర్ మీద 220-240 వోల్టులు, 20 వాట్లు అనే ఉంది మామా. వైరింగ్ షాపతనే చేసిచ్చాడు. కంట్రోలర్ వెనక టెర్మినల్స్ తెరిచే ఉన్నాయి, ట్యాంకు మూత పక్కన ఆనించాను.

లైన్‌మన్_మామ:
తెరిచి ఉన్న 230 వోల్టుల టెర్మినల్స్, పక్కనే నీళ్ల గిన్నె, స్ప్రే బాటిల్. ముందు దాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో బిగించు. ట్రూప్ బజార్‌లో పీవీసీ జంక్షన్ బాక్సులు దొరుకుతాయి, ముందు మూతలో 71 బై 29 మిల్లీమీటర్ల కన్నం కోస్తే కంట్రోలర్ సరిగ్గా కూర్చుంటుంది. వైర్లు దూరేచోట కేబుల్ గ్లాండ్ వెయ్యి, వైరు లాగితే జాయింటు ఊడకూడదు. బాక్సు ట్యాంకు మీద కాకుండా పక్క గోడకి, నీళ్లు పడని ఎత్తులో పెట్టు. గోడ సాకెట్‌కి వెళ్లే వైరు సాకెట్ కన్నా కిందికి దిగి మళ్లీ పైకెక్కాలి. నీళ్లు వైరు పట్టుకుని జారితే ఆ వంపు దగ్గరే కింద పడతాయి, సాకెట్‌లోకి పోవు.

కనెక్షన్ ఇలా. 1, 2 కంట్రోలర్‌కి కరెంటు. 3, 4 ప్రోబ్. 5, 6 హీటింగ్. 7, 8 కూలింగ్. 5, 6లోంచి కరెంటు దానంతటదే రాదు, అది ఉత్త స్విచ్చి. ఫేజు ముందు 1 ఆంపియర్ గాజు ఫ్యూజు దాటాలి, అక్కడి నుంచి 1కి ఒకటి, 5కి ఒకటి చీలాలి. 6 నుంచి మ్యాట్‌కి. మ్యాట్ రెండో వైరు, 2, రెండూ న్యూట్రల్‌కి. చాలామంది తిరగేసి న్యూట్రల్‌ని స్విచ్ చేస్తారు, అప్పుడు హీటింగ్ ఆఫ్ అయినా మ్యాట్‌లో ఫేజు ఉండిపోతుంది. మూడు పిన్నుల సాకెట్‌ని ఎదురుగా చూస్తే కుడి కన్నం ఫేజు ఉండాలి. టెస్టర్ పెట్టి చూసుకో, పాత ఇళ్లలో తారుమారు ఉండటం మామూలే.

ఇంటి బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచేసే స్విచ్చి) లేకపోతే ఆ లైను వరకైనా పెట్టించు. నీళ్లు, కరెంటు ఒకేచోట ఉన్నప్పుడు అది లేకుండా నడపకూడదు.

ఒకటి గుర్తుంచుకో. ఫ్యూజు, ఎంసీబీ, ఆర్‌సీసీబీ, ఈ మూడింట్లో ఏదీ నీ 44 డిగ్రీల సమస్యని పట్టుకోదు. మ్యాట్ అతిగా వేడెక్కినా లాగేది అదే 20 వాట్లు, ఆంపియర్‌లో పదో వంతు కూడా లేదు. వాటికి అన్నీ బాగున్నట్టే కనిపిస్తుంది.

జాలీమూత:
కూలింగ్ టెర్మినల్స్ 7, 8 ఖాళీగానే ఉంటాయి కదా. వాటికి 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్ అడాప్టర్ తగిలిస్తే ఎండాకాలం వేడెక్కినప్పుడు అదే తిరుగుతుంది. ఒక్క కంట్రోలర్‌తో రెండు పనులు.

సోల్డరింగ్_శీను:
చెయ్యకు బ్రో. ఎస్‌టీసీ-1000ల సెట్ పాయింట్ ఒక్కటే. 35కి పెట్టి ఎఫ్2 0.5 అంటే 34.5ల హీటింగ్ ఆన్, 35ల ఆఫ్, 35.5ల కూలింగ్ ఆన్. మ్యాట్ ఆఫ్ అయినంక గూడ జర సేపు వేడి ఎక్కుతనే ఉంటది, 35.5 దాటుతది, ఫ్యాన్ తిరుగుతది, ట్యాంకుల తేమ, వేడి రెండూ బయటికి పోతయి. మళ్ల మ్యాట్ ఆన్. పొద్దంతా గదే లొల్లి. ఫ్యాన్ కావాలంటే వేరే కంట్రోలర్, దాని ప్రోబ్ చల్లటి వైపు, సెట్టింగ్ 31, 32.

ఆ ఖర్చు పెట్టేటట్టుంటే ముందు ఫ్యాన్‌కి కాదు, సేఫ్టీకి పెట్టు. గీ చవక కంట్రోలర్ల రిలే పోతే ఎక్కువగ ఎట్ల పోతదో తెలుసా? కాంటాక్టులు కాలి ఒకదానికొకటి అతుక్కుంటయి. డిస్‌ప్లేల లైట్ ఆరుతది, టక్ మని సౌండ్ గూడ రావొచ్చు, మ్యాట్‌కి మాత్రం కరెంటు పోతనే ఉంటది. ప్రోబ్ వైరు తెగితే పర్వాలేదు, ఈఈ అని చూపెట్టి బంద్ చేస్తది. రిలే అతుక్కుంటే దాన్కే తెల్వదు.

నాచారం_నవ్:
మరి దానికి ఏం చేయాలన్నా?

సోల్డరింగ్_శీను:
ఇంకో ఎస్‌టీసీ-1000 తీస్కో. గోడ సాకెట్ నుంచి కరెంటు ముందు దానికే రావాలె, దాని హీటింగ్ ఔట్‌పుట్ నుంచి మొదటి కంట్రోలర్ మొత్తానికి సప్లై పోవాలె. దాని ప్రోబ్ వేరేగ, మ్యాట్ కిందనే, మొదటి దానికి రెండంగుళాల దూరంల అంటియ్యి. రెండు ప్రోబులు ఒకే టేపు కింద పెట్టకు, ఆ టేపు ఊడితే రెండూ ఒకేసారి పోతయి. మొదటిది 35 ఉంటే రెండోది 38.

దాని ఎఫ్2 మాత్రం 5 పెట్టు. 0.5 పెడితే ఏమైతదంటే, మొదటిది పాడైనా రెండోది 38 దగ్గర ఆన్ ఆఫ్ చేస్కుంట నడుస్తనే ఉంటది, నీకు తెల్వదు. 5 పెడితే 38ల కట్ చేసి 33 దాకా ఆన్ చెయ్యదు, అంతసేపు మొదటి డిస్‌ప్లే గూడ చీకటైతది. చూడంగనే తెలుస్తది. పోనీ 10 పెడదామంటే, 28 కన్నా దిగాలె ఆన్ కావాలంటే. మన దగ్గర ఏప్రిల్‌ల ఒకసారి కరెంటు పోయొస్తే ఇంక అది స్టార్టే కాదు.

లైన్‌మన్_మామ:
దానితో పాటు ఒక కేఎస్‌డీ-301 కటౌట్ వెయ్యి. చేత్తో రీసెట్ చేసే రకం, 45 డిగ్రీలది, మామూలుగా కలిసి ఉండి వేడెక్కితే తెగేది. నొక్కేదాకా మళ్లీ కలవదు. కోఠి గుజరాతీ గల్లీలో అడుగు. మ్యాట్ ఫేజు వైరు దానిలోంచి పోవాలి, దాని రేకు ముఖం మ్యాట్ అడుగుకి ఆనాలి. పిన్నులు బయటికే ఉంటాయి కాబట్టి హీట్ ష్రింక్ స్లీవ్ తప్పనిసరి. వీటిలో అయిదు డిగ్రీలు అటూ ఇటూ తేడా ఉంటుంది, 40ది పెడితే ఊరికే తెగుతుంటుంది. రెండో కంట్రోలర్ పాము కోసం, ఈ కటౌట్ ఇల్లు తగలబడకుండా.

ఉప్పల్_శైలు:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. డిసెంబర్, జనవరిలో మా గది రాత్రి 18కి దిగుతోంది. మ్యాట్ దగ్గర గాజు 32 ఉంటోంది కానీ చల్లటి వైపు 20. మ్యాట్ సైజు పెంచాలా?

కుబుసం:
మ్యాట్ గాలిని వేడి చేయదు శైలూ, ఎంత పెద్దది పెట్టినా. బయట 11, 12కి దిగే రాత్రులకి పై నుంచి సిరామిక్ హీట్ ఎమిటర్ (బల్బులా బిగించే, వేడి మాత్రమే ఇచ్చే సాధనం) కావాలి. ట్యాంకు మూడడుగుల లోపుంటే 60 వాట్లది చూడండి, మూడడుగులు దాటితే 100. వెలుతురు రాదు కాబట్టి రాత్రంతా వేసుకోవచ్చు. ఎర్ర బల్బుల జోలికి పోకండి, పాముకి ఆ వెలుగు కనిపిస్తుంది.

దానికి వేరే కంట్రోలర్, వేరే ప్రోబ్. మ్యాట్ ప్రోబ్ చూసేది గాజుని, ఎమిటర్ ప్రోబ్ చూడాల్సింది గాలిని. ఒక్కదానికి రెండూ కట్టేస్తే ఏదో ఒకటి తప్పుతుంది. ఎమిటర్ ప్రోబ్‌ని వెచ్చటి వైపు పాము వీపు ఎత్తులో గోడకి క్లిప్పుతో బిగించండి, సెట్టింగ్ 29, ఎఫ్2 1.0. ఆన్ ఆఫ్ కంట్రోలర్‌తో ఎమిటర్ కొంచెం పైకీ కిందికీ ఊగుతుంది. కరెంటుని చిన్న చిన్న విడతలుగా ఇచ్చే పల్స్ థర్మోస్టాట్ అయితే నిలకడగా ఉంటుంది, ఖర్చు మాత్రం ఎక్కువ.

లైన్‌మన్_మామ:
ఎమిటర్ ఉపరితలం 200 డిగ్రీలు దాటుతుంది. ప్లాస్టిక్ హోల్డర్‌లో పెడితే కరుగుతుంది, బేకలైట్‌దైతే మాడి పగులుతుంది. మర బిగించే ఈ-27 పింగాణీ హోల్డర్ ఒక్కటే వాడాలి. మన ఇళ్లలో ఉండేది ఎక్కువ రెండు పిన్నుల బి-22, అది దీనికి పట్టదు. అడాప్టర్ ముక్క పెట్టి పట్టించకండి, అదే ముందు కాలేది. హోల్డర్ దగ్గర ఒక అడుగు మేర సిలికాన్ వైరు లేదా ఫైబర్‌గ్లాస్ స్లీవ్ వేసిన వైరు ఉండాలి. లోపల వేలాడదీస్తే చుట్టూ ఇనుప జాలీ గూడు తప్పదు, పాములు వైరు పట్టుకుని ఎక్కి దాన్నే చుట్టుకుంటాయి. జాలీ మూత పైన పెడితే జాలీ కూడా కాలుతుంది, పాము మూతకి ఆనుకోగలదేమో చూసుకోండి. 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎడం ఉండాలి.

జాలీమూత:
నా మాటైతే ఎమిటర్ ఉన్నప్పుడు మ్యాటే దండగ. ఒక్క ఎమిటర్‌తో గాలి, నేల రెండూ వేడెక్కుతాయి, పొట్టు ఎంత లోతైనా వేసుకోవచ్చు.

సోల్డరింగ్_శీను:
వేడెక్కుతయి, తేమ గూడ పోతది. బాల్ పైథాన్‌కి 55 నుంచి 70 శాతం తేమ ఉండాలె, చలికాలం ఎమిటర్ ఒక్కటే పెడితే 35 శాతం కిందికి వస్తది, కుబుసం ముక్కలు ముక్కలుగ ఊడుతది. అందుల కరెంటు పోతే 100 వాట్లని దేని మీద నడుపుతవ్?

కుబుసం:
ఇద్దరి మాటా సగం సగం నిజమే. వేడి పై నుంచి వచ్చినా కింద నుంచి వచ్చినా పాము ఒళ్లు 31, 32కి చేరే చోటు ఒకటుండాలి, అంతే. నా ఓటు రెండింటికీ: మ్యాట్ ఏడాది పొడవునా, ఎమిటర్ నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. తేమ కోసం జాలీ మూతలో సగం, ఎమిటర్‌కి దూరంగా ఉన్న సగం, అక్రిలిక్ షీటుతో మూసేయండి. వెనక, పక్క గోడలకి బయటి నుంచి థర్మకోల్ అంటిస్తే చల్లటి వైపు రెండు, మూడు డిగ్రీలు పెరుగుతుంది. థర్మకోల్ ఎమిటర్ దగ్గరికి మాత్రం రాకూడదు, ఇట్టే అంటుకుంటుంది.

సోల్డరింగ్_శీను:
కరెంటు లెక్క చెప్తున్న. కంప్యూటర్ కింద పెట్టే 600 వీఏ యూపీఎస్‌ల 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటది, కాగితం మీద 84 వాట్-అవర్లు. అందుల సగం దాని నష్టాలకే పోతయనుకో. 20 వాట్ల మ్యాట్ రెండు గంటలు వస్తది, 60 వాట్ల ఎమిటర్ ముప్పావు గంట కూడ కష్టమే. ఇంటి ఇన్వర్టర్ మీద పెట్టేటట్టుంటే సైన్ వేవ్ ఉన్నదే. డిమ్మర్ రకం థర్మోస్టాట్లు స్క్వేర్ వేవ్ మీద పిచ్చిపిచ్చిగ చేస్తయి. ఎస్‌టీసీలకి ఆ గొడవ లేదు, కరెంటు పోయొచ్చినా సెట్టింగ్ యాదిలనే ఉంటది.

వోల్టేజ్ గూడ చూస్కోవాలె. 230 దగ్గర 20 వాట్లుండే మ్యాట్ 190కి పడితే 13, 14 వాట్లే ఇస్తది. 260కి ఎక్కితే 25 దాటుతది. కంట్రోలర్ ఉన్నోళ్లకు ఇది తెల్వకుండనే సర్దుకుంటది, లేనోళ్లకే రోజుకో తీరు.

పశువైద్యం_రాజేంద్రనగర్:
చలికాలం కరెంటు పోయి రాత్రంతా రాకపోతే: 40 డిగ్రీల నీళ్లు పట్టిన సీసా టవల్ చుట్టి దాక్కునే డబ్బా పక్కన పెట్టండి, ట్యాంకు మీద దుప్పటి వేసి గాలికి ఒక మూల వదలండి. మరిగే నీళ్లు వద్దు. ఒక రాత్రి 21, 22కి దిగితే ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము తట్టుకుంటుంది. కడుపు నిండా తిని ఉన్నది తట్టుకోదు, అరగక కక్కేస్తుంది. కక్కితే పది రోజులు పైగా ఏమీ పెట్టకుండా, తర్వాత ముందటి కన్నా చిన్న ఎలుకతో మొదలుపెట్టండి. రోజుల తరబడి చల్లగా ఉన్న పాము నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, గురగుర శబ్దం వస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా అది ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్. వేడి పెంచి ఊరుకోకండి, చూపించండి.

డాబాకింద_ఇల్లు:
మేడ మీద పై అంతస్తులో ఉండేవాళ్లకి ఏప్రిల్, మే సంగతి కూడా చెప్పండి. గది మధ్యాహ్నం 37 ఉంటోంది.

కుబుసం:
అప్పుడు మ్యాట్ ఆఫ్ అవుతుంది, కంట్రోలర్ ఉంటే దానంతటదే. అసలు కష్టం చల్లటి వైపు లేకపోవడం. 35 దాటిన చోట బాల్ పైథాన్‌ని గంటల తరబడి ఉంచకూడదు. ట్యాంకుని డాబా కింది గది నుంచి ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదికి, నేల మట్టానికి దించండి. కిటికీ ఎండ పడే చోట గాజు ట్యాంకు ఉండనే కూడదు, పావుగంట చాలు ప్రాణం పోవడానికి. మన ఎండాకాలం పొడి కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది, తేమ కూడా ఇస్తుంది. వానలు పడ్డాక అదే కూలర్ తేమని 85 దాటిస్తుంది, పొట్టు బూజు పడుతుంది, జూన్‌లో ఆపేయండి. కరెంటు లేనప్పుడు ఫ్రీజర్‌లో గడ్డ కట్టిన నీళ్ల సీసా గుడ్డ చుట్టి చల్లటి వైపు జాలీ మీద పడుకోబెట్టండి.

నిర్వాహకుడు:
చిన్న గమనిక. బాల్ పైథాన్ సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ, దాని కింద 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు ఉండాలి. మన నేల పాముల్ని, అంటే నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, రెండు తలల పాము, ఇంట్లో పెంచడం నేరం. వాటి ట్యాంకుల గురించి ఇక్కడ ప్రశ్నలు వేస్తే తీసేస్తాం.

నాచారం_నవ్:
అన్నీ మార్చాను. పొట్ట మీద గాయాలేం లేవు డాక్టర్ గారూ, రోజూ చూస్తున్నాను. ట్యాంకు కింద ఆరు రబ్బరు కాళ్లు, మ్యాట్ మీద టైల్, ప్రోబ్ మ్యాట్ అడుగున. బకెట్ నీళ్లలో చూస్తే ప్రోబ్ 0.8 ఎక్కువ చూపించింది, ఎఫ్4లో మైనస్ 0.8 పెట్టాను. ఇప్పుడు కంట్రోలర్ 35.5 దగ్గర ఉంటే టైల్ పైన 32.1, టైల్ అంచు పక్కన గాజు 32.9, చల్లటి వైపు 26. రెండో కంట్రోలర్ 38.5, ఎఫ్2 5. కటౌట్ ఇంకా దొరకలేదు. పాము ఇంకా టబ్‌లోనే ఉంది. ఇక మార్చేయొచ్చా?

లైన్‌మన్_మామ:
రెండోది నిజంగా కట్ చేస్తుందో లేదో చూశావా? మొదటి దాని ఎఫ్1ని 45కి పెంచి పక్కనే కూర్చో. రిలే అతుక్కున్నప్పుడు జరిగేది అదే. 38.5 దగ్గర మొదటి డిస్‌ప్లే ఆరిపోవాలి. ఆరకపోతే వైరింగ్‌లో రెండో దాన్ని దాటేసి కరెంటు మొదటి దానికి నేరుగా వెళ్తోందన్న మాట.

నాచారం_నవ్:
చూశాను మామా. 38.5కి ఆరింది. 33.5కి దిగాక మళ్లీ వెలిగింది. ఎఫ్1 మళ్లీ 35.5కి తెచ్చి సేవ్ చేశాను.

కుబుసం:
ఒక రాత్రి, ఒక మధ్యాహ్నం ఖాళీ ట్యాంకుని అలాగే నడపండి. కనిష్ఠం, గరిష్ఠం గుర్తుంచుకునే థర్మామీటర్ చల్లటి వైపు ఒకటి పెట్టి పొద్దున అంకెలు చూడండి. 24 కిందికి, 28 పైకి పోకపోతే పాముని మార్చండి. మార్చాక అయిదు రోజులు తిండి పెట్టకండి, ముట్టుకోకండి. నెలకోసారి గన్‌తో టైల్ మీద, గాజు మీద కొట్టి చూడండి. మ్యాట్ కింది సందులో దుమ్ము, కొబ్బరి పొట్టు చేరితే ప్లగ్గు తీసి బ్రష్‌తో దులపండి. మ్యాట్ మీద గోధుమ రంగు మచ్చ గానీ ఉబ్బు గానీ కనిపిస్తే అతుకులు వేయకుండా తీసి పారేయండి.

సోల్డరింగ్_శీను:
కటౌట్ గుజరాతీ గల్లీల అడిగేటప్పుడు మాన్యువల్ రీసెట్ అని గట్టిగ చెప్పు. ఊరికే కేఎస్‌డీ-301 అంటే ఆటో రీసెట్‌దే చేతిల పెడ్తరు. నడుమ చిన్న బటన్ ఉంటదది, చూస్కొని తీస్కో.